తూర్పు పాయలో వాలని బాతులు

అక్టోబరులో తొలి వాన పడకముందే బాతులు దిగాయి. షాద్లియా ఆనకట్ట గట్టు మీద మడత కుర్చీ వేసుకుని, బైనాక్యులర్స్ కళ్లకు ఆనించి లెక్క మొదలుపెట్టింది. నారింజ తోటల నడుమ ఉన్న ఆ ట్యునీషియా పల్లెలో ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పిన మనిషి. రిటైరైన ఈ ఆరేళ్లలో పొద్దున్న పూట చెరువు చూడకుండా ఉన్న రోజులు తక్కువ.

"ఏం టీచరమ్మా, హాజరు పిలుస్తున్నారా? ఇవాళ ఎవరెవరు ఎగ్గొట్టారు?" అంటూ పుదీనా టీ గ్లాసు అందించాడు ఖమీస్. ఆనకట్ట తలుపుల కాపలా అతనిదే. బర్క్ అనే గోధుమరంగు కుక్క అతని కాళ్ల దగ్గరే తిరుగుతూ ఉంటుంది.

"వచ్చినవి బోలెడు. కానీ తూర్పు పాయలో ఒక్కటీ దిగలేదయ్యా."

వాగు వచ్చి చెరువులో కలిసే చోటది. లోతు తక్కువ, బురద ఎక్కువ. చెంచామూతి బాతులు ఏటా ముందు వాలేది అక్కడే. ఈసారి నీళ్లకు అడ్డంగా ఎవరో తాడు కట్టినట్టు ఆ గీత దగ్గరికొచ్చి వెనక్కి మళ్లుతున్నాయి.

"మెత్తటి పరుపు దొరికిందేమో ఇంకో చోట," అని నవ్వాడు ఖమీస్. షాద్లియా నవ్వలేదు. నోటుబుక్కులో తూర్పు పాయకు ఎదురుగా సున్నా వేసింది.

చలికాలమంతా అదే సున్నా. డిసెంబరు వానలకు వాగు ఎర్రగా పొంగింది. బొల్లికోళ్లు వందలుగా వచ్చి పడమటి ఒడ్డును నల్లగా కమ్మేశాయి. ఉప్పు కయ్యల నుంచి రాజహంసల గుంపొకటి వచ్చి పది రోజులుండి వెళ్లింది. తూర్పు పాయ మీదుగా ఎగిరినవి కూడా అక్కడికి రాగానే కాస్త ఎత్తుకు లేచేవి. అది చూసిన ప్రతిసారీ ఆమె లెక్క మధ్యలో ఆపేసేది. ఎవరికైనా చెబుదామంటే, చెప్పడానికేముంది? పిట్టలు వాలడం లేదని ఫిర్యాదు రాయిస్తే నవ్విపోరూ?

మార్చి చివర్లో పొడుగు కాళ్ల ఉల్లంకి జంట ఒకటి తెగించి ఆ బురదలో గూడు పెట్టింది. నాలుగు గుడ్లు. షాద్లియాకు ప్రాణం లేచొచ్చింది. కానీ పన్నెండో రోజుకు గూటి దగ్గర పిట్ట లేదు. బూట్లు వేసుకుని బురదలోకి దిగి గుడ్లు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. గూటి చుట్టూ నీళ్లు పచ్చటి రంగు పారబోసినట్టున్నాయి. కుళ్లిన వాసన.

అప్పుడామె వాగు వెంట ఎగువకు నడిచింది. గంట నడిచేసరికి తమ్ముడు మునీర్ కోళ్లఫారం వెనక వైపు తేలింది. ట్రాక్టరు తొట్టి వాగు గట్టున నిలబడి ఉంది. పనివాడు పారతో కోళ్ల పెంటను వాగులోకి లాగుతున్నాడు. గట్టంతా తెల్లబడి, జారుడుబండలా నునుపెక్కింది. ఒకనాటి పని కాదది.

మునీర్ షెడ్డులోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఎన్నాళ్ల నుంచిరా ఇది?"

"ఎక్కడ పోసుకోనక్కా? నా నెత్తి మీదా? అయినా పొలాలకి వేసే ఎరువేగా ఇది!"

"ఊరంతా తాగే నీళ్లురా అవి."

"ఊళ్లో ఎవడికేమైంది? పిట్టల కోసం తమ్ముడి పొట్ట కొడతావా?" అన్నాడు. ఆమె ముఖం చూసి మెత్తబడి, "సరే, ఈ నెలాఖరుకల్లా గొయ్యి తవ్విస్తాను. అమ్మ మీద ఒట్టు," అన్నాడు.

నమ్మాలనిపించింది, నమ్మింది. ఎవరికీ చెప్పలేదు. ఖమీస్ అడిగితే "వాగులో ఏదో నాచు" అని తప్పించుకుంది.

గొయ్యి తవ్వారో లేదో ఆమె మళ్లీ వెళ్లి చూడలేదు. చూస్తే తెలిసిపోతుందన్న భయం.

జూన్‌లో వాగు ఎండింది. చెరువు నీటిమట్టం కుంగింది. పెంటకు బలిసిన పచ్చటి నాచు తూర్పు పాయను దాటి ఆనకట్ట వైపు రోజుకింత జరుగుతూ వచ్చింది. జులై మొదటి వారంలో చచ్చిన బాతులు తేలాయి, మెడలు వాలేసి, రెక్కలు పరిచి. ఆమె పద్నాలుగు దాకా లెక్కపెట్టి పెన్ను మూసేసింది.

ఆ మధ్యాహ్నమే బర్క్ ఎండకు తాళలేక నీళ్లలోకి దిగి కడుపారా తాగింది. పది నిమిషాలకు దాని కాళ్లు వణికాయి. నోట్లోంచి నురగ. ఖమీస్ దాన్ని ఒళ్లో పెట్టుకుని, "ఏమైందిరా, ఏమైందిరా నీకు," అంటూనే ఉన్నాడు. గంట తిరక్కుండా చచ్చిపోయింది.

ఊరికి నీళ్లు లాగే మోటారు అక్కడికి మూడొందల అడుగులు.

షాద్లియా అప్పటికప్పుడు ఖమీస్‌ను వెంటబెట్టుకుని నీటి ఆఫీసుకు వెళ్లింది. తమ్ముడి పేరుతో సహా అంతా చెప్పింది. అధికారి రాసుకుంటూ తలెత్తాడు. "ఈ సంగతి మీకు మొదట ఎప్పుడు తెలిసింది?"

ఖమీస్ ఆమె వైపు చూశాడు. "ఇవాళే" అనెయ్యొచ్చు.

"ఏప్రిల్‌లో," అంది.

"ఏప్రిలా?" అన్నాడు ఖమీస్. లేచి బయటికి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి మోటారు ఆపారు. ట్యాంకర్లు వచ్చాయి. అప్పటికే పదకొండు మంది వాంతులతో ఆసుపత్రిలో ఉన్నారు. ఖమీస్ మనవరాలు వాళ్లలో ఒకతె. మూడు వారాలు పడకలోనే ఉండి, బతికి ఇంటికొచ్చింది. షాద్లియా రొట్టెలు పట్టుకుని వెళ్తే ఖమీస్ భార్య తలుపు సగమే తీసింది. మునీర్ షెడ్లకు తాళాలు పడ్డాయి. ట్యాంకరు దగ్గర అక్కాతమ్ముళ్లు ఎదురుపడితే అతను బిందె ఎత్తుకుని వరుస మారేవాడు.

సెప్టెంబరులో ఆమె మళ్లీ గట్టు మీదికి వెళ్లింది. వారం రోజులు ఖమీస్ దూరం నుంచే తలూపి వెళ్లిపోయాడు. టీ లేదు, మాట లేదు. ఎనిమిదో రోజు ఆమే లేచి అతని గది దాకా నడిచింది.

"ఖమీసూ, నిన్నటి నుంచి పడమటి ఒడ్డున కూడా ఒక్కటీ వాలడం లేదు."

అతను చేతిలోని తాళాలు బల్ల మీద పెట్టి ఆమె ముఖంలోకి చూశాడు. "ఖాయమేనా?"

"మూడుసార్లు చూశాను. అటు వైపు వాగులేవీ లేవు. ఎందుకో నాకు తెలీదు."

ఖమీస్ కిటికీలోంచి పడమటి వైపు చూశాడు. నీళ్లు తేటగా, కదలకుండా ఉన్నాయి. బాతుల గుంపొకటి ఉత్తరం నుంచి వచ్చి, చెరువు మీద ఒక చుట్టు తిరిగి, దిగకుండానే దక్షిణానికి సాగిపోయింది.

అతను ఫోను అందుకుని నీటి ఆఫీసు నంబరు నొక్కాడు. "కూర్చోండి టీచరమ్మా," అన్నాడు. "మీరే చెబుదురుగాని."