ఊటబావికి మూడు గంటలు

పాపమ్మ బావిలో రెండు గంటలు మోటారు వేస్తే అడుగు తేలుతుంది. ఆపి మూడు గంటలు ఊరనిస్తే మరో గంటకు సరిపడా నీళ్ళొస్తాయి. పొద్దున ఒకే దఫాగా ఇచ్చే ఆరు గంటల కరెంటులో ఆమె అలాగే వేసి, ఆపి, మళ్ళీ వేసి ఎకరం మిరపను తడుపుకునేది. వెల్దుర్తి చుట్టుపక్కల బావులన్నిటిదీ అదే తంతు. ఎనభై ఆరు మాఘంలో చేను పిందె మీదుంది. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది ఆ ఎకరమే. అదీ ఎండితే కూలికి పోవడమే గతి.

అప్పుడొచ్చాడు ధనుంజయరావనే కరెంటు ఇంజనీరు. సాగర్ నీళ్ళతో కరెంటు ఎక్కువగా పుట్టే వేళల్లో మోటార్లు తిప్పించే ప్లాను ఒకటి తయారవుతోందట. దీపాలు చీకటి పడ్డాకే వెలగాలి, మోటార్లనైతే ఏ వేళకైనా జరపొచ్చని ఆ ప్లాను నమ్మకం. పట్నంలో కూర్చున్నవాళ్ళకు బావి కూడా కుళాయిలాగే కనిపిస్తుంది కాబోలు.

"ఎప్పుడైనా ఇయ్యండయ్యా. మజ్జలో ఊట ఊరే టైం మాత్రం ఉండాల," అంది పాపమ్మ.

"నిజమేనమ్మా, రాసి పంపుతాను," అన్నాడాయన. మంచివాడు, అన్నట్టే పంపాడు. ప్లానులో మోటారు తిరిగే గంటలకు చోటుంది గాని, ఆగే గంటలకు లేదు.

కొన్నాళ్ళకు లైన్‌మన్ కృపావరం సైకిలు దిగాడు. "అక్కా, సోమారం నుంచి మూడు గంటలేనంట. మజ్జానం, ఒకటే దఫా."

"ఏంది తమ్ముడూ, రెండు గంటలకే బాయి అడుగు తేలుద్ది గదా. మూడోవంతు చేను ఎండబెట్టుకోమంటారా?"

"ఆరు గంటలిస్తే మీరు వాడేది మూడేనని సబ్‌స్టేషన్ మీటర్లో తేలిందంట. మూడిస్తే చాలనుకున్నారు. ఇంజనీరుగారు చానా చెప్పాడు, పైవాళ్ళు ఇన్లేదు."

ఊట కోసం ఆపుకున్న పాపానికి శిక్షా ఇది? మరునాడు నీళ్ళయిపోయినా పాపమ్మ మోటారు ఆపలేదు. వాడుతున్నామని మీటరుకు తెలియాలిగా. పక్క చేలలోనూ అదే ఆలోచన పుట్టినట్టుంది, నాలుగు దిక్కులా మోటార్లు వట్టి గాలి పీలుస్తూ అరుస్తున్నాయి.

కృపావరం పరుగెత్తుకొచ్చాడు. "ఆపక్కా, కాలిపోద్ది. వాళ్ళు లెక్క రాసుకొని పోయి నెలయింది. మళ్ళా ఏడాదికి గాని చూడరు."

"మరి నన్నేం చెయ్యమంటావు తమ్ముడూ?"

కృపావరం తనే స్విచ్చు కట్టేసి, పక్క చేలో మోటారు ఆపడానికి వెళ్ళాడు.