గుండె శబ్దం మామూలు

అయినా దగ్గులో కూడా రకాలుంటాయని ఈ పిల్లలకి ఎవరు చెప్పాలి, నేనే చెప్పాలి, పొడి దగ్గు వేరు, కఫం దగ్గు వేరు, మావగారు వరండాలోకి వచ్చేముందు దగ్గే దగ్గు వేరు, ఇవాళ కాగితంలో నాకు రాసిచ్చింది మామూలు పొడి దగ్గు, రెండు వారాల నుంచీ, రాత్రిళ్ళు నిద్ర లేదు, మా నాన్న క్షయతో పోయాడన్న సంగతి మాత్రం అడిగితేనే చెప్పాలి, అడక్కపోతే మింగెయ్యాలి, మా నాన్న నిజానికి నిక్షేపంగా తొంభై ఏళ్ళు బతికి, కడుపునిండా తిని, పడుకుని, నిద్రలోనే పోయాడు, ఈ పనిలో చేరాక ఆయన్ని నేను ఎన్ని రోగాలతో చంపానో, ఓ వారం పక్షవాతం, ఓ వారం చక్కెర, ఓ వారం పురుగు కుట్టి, పైనుంచి చూస్తూ ఒరే అప్రాచ్యుడా, ఒక్కసారి చచ్చినవాణ్ణి ఎన్నిసార్లు చంపుతావురా అంటూ ఉంటాడు, రెక్సిన్ మంచం వీపుకి అంటుకుంటోంది, తెర అవతల చెప్పుల చప్పుడు, గొణుగుడు, ఎవరో పాఠం వల్లె వేస్తున్నారు, నీరసం, బరువు తగ్గడం, కఫంలో రక్తం, కఫంలో రక్తం, భయం వాసన తెరలోంచి కూడా వస్తుంది, ఇవాళ ఆఖరి పరీక్ష మరి, గంట కొడితే ఒకళ్ళు లోపలికి, మళ్ళీ కొడితే బయటికి, నేనేమో మధ్యలో పెళ్ళికొడుకులా పడుకుని ఉంటాను.

ఇది డాక్టరు లేని చోట తామే రోగిని చూసి, మందు రాసి పంపే నర్సుల చదువు, పెద్ద చదువే, మొదట్లో వీళ్ళకి రబ్బరు బొమ్మ ఉండేది, బొమ్మ దగ్గదు, అబద్ధాలాడదు, పెళ్ళాం మీద చాడీలు చెప్పదు, దాంతో పెద్దమేడం మీటింగు పెట్టి, శిక్షణ బాగుపడాలంటే బొమ్మ పోవాలి, మనిషి రావాలి అని తీర్మానం చేసి, గేటు దగ్గర సైకిల్ స్టాండు చూసుకుంటున్న నన్ను పట్టుకొచ్చింది, ఎందుకు నన్నే అంటే అంతకు ముందురోజే ఓ వ్యాను నా కాలి మీంచి పోయిందని నేను పెట్టిన పెడబొబ్బలకి ఆ డ్రైవరు ఏడ్చేశాడు, పెద్దమేడం కట్లపెట్టె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది, ఆవిడ వచ్చేసరికి నేను లేచి అదే కాలితో గంతులేస్తున్నాను, తిట్టలేదు, కిందికీ పైకీ చూసి, ఏమయ్యా ఎంతదాకా చదివావ్ అంది, ఏడో తరగతి గుమ్మం దాకా వెళ్ళానండీ అన్నాను, చదవడం వచ్చుగా, చాలు అంది, అలా నేను రోగినయ్యాను, ఈ రెండేళ్ళలో నాకు రాని రోగం లేదు, ఒకసారి కడుపని కూడా చెప్పబోయాను, పెద్దమేడం కళ్ళజోడు మీంచి చూసింది, ఊరుకున్నాను.

మెట్లు, ఈ గదికి ఎక్కొచ్చే ఆ మెట్లు గుర్తొస్తే నవ్వు ఆగిపోతుంది, పొద్దున కూడా మధ్యలో నిలబడి రెయిలింగు పట్టుకుని గోడమీద నోటీసు చదువుతున్నట్టు నటించాను, అక్కడ నోటీసు లేదు, వట్టి గోడ, ఛాతీ మీద ఎవరో కూర్చుని లేవనంటున్నట్టు, మా ఆవిడ రోజూ సణుగుతుంది, ఓసారి పెద్దాసుపత్రికి పోయి చూపించుకోరాదూ అని, ఓసి పిచ్చిదానా, వారం వారం ఇంతమంది నర్సులు వరసగా నిలబడి నా గుండె వింటున్నారు, ఊళ్ళో ఎంత కోటీశ్వరుడికుంది ఈ వైభోగం, ఒక్కత్తె అయినా ఏమన్నా అందా అంటాను, అదీ నిజమేలే అంటుంది, నెమ్మదిస్తుంది, నేనూ నెమ్మదిస్తాను, మొన్న కుళాయి దగ్గర బకెట్టు ఎత్తబోయి కళ్ళు చీకట్లు కమ్మి పడిపోతే కూడా, వచ్చి కాలితో పొడిచి, లే, చాల్లే నాటకాలు, నీళ్ళన్నీ పారబోశావ్ అంది, లేచాను, పళ్ళికిలించాను, మోచెయ్యి మాత్రం ఇప్పటికీ మండుతోంది, తప్పు దానిది కాదు, పాతికేళ్ళుగా నేను ఇంట్లో ఎన్నిసార్లు చచ్చానో దానికే తెలుసు.

గంట మోగింది, తెర కదిలింది, ఎవరా అంటే ఐసుగడ్డ, అయిపోయింది దీని పని, ఆ పేరు నేను పెట్టిందే, ఈ పిల్ల చేతులు ఎండాకాలంలో కూడా మంచులా ఉంటాయి, మొదటి రోజు నా ఛాతీ మీద చెయ్యి వేస్తే నేను అమ్మో చచ్చాను అని మంచం మీంచి కిందికి దొర్లాను, క్లాసంతా పడీపడీ నవ్వింది, అప్పట్నుంచీ అది ముట్టుకోబోవడం, నేను కెవ్వుమనడం, అది చెయ్యి వెనక్కి లాక్కోవడం, ఇదో సినిమా మాకు, వారానికో ఆట, ఓసారి నాడి పట్టుకున్నప్పుడు ఊపిరి బిగబట్టి, కళ్ళు తేలేసి, నాలుక పక్కకి వేలాడేశాను, పాపం నాడి ఉందో లేదో చూసుకోకుండా నా ఛాతీ మీద ఎక్కి గుద్దుతూ, బాబాయ్ బాబాయ్ అని ఏడుస్తూ ఉంటే, నేను కన్ను కొట్టాను, ఆ పిల్ల అలా చేతులు గాల్లో పెట్టుకుని ఉండిపోయింది, ముక్కు కారుతోంది, తుడుచుకోను కూడా లేదు, క్లాసు నవ్వింది, పెద్దమేడం మాత్రం నవ్వకుండా, చూడమ్మాయ్, మనిషి బతికున్నాడో లేదో వాడి మొహం చెప్పదు, నీ చెవి చెప్పాలి, చెవితో విను అంది, అది నాకు కాదు, దానికి, ఆ మాట దాని బుర్రలో మేకు దిగినట్టు దిగింది, అప్పట్నుంచీ నేను కార్డు ఇచ్చినా తీసుకోకుండా ఇంకా వినాలని చూసేది, నేను విననిస్తేగా, కెవ్వుమనేవాణ్ణి.

కార్డు సంగతి, అదే ఇక్కడి కీలకం, నా ఛాతీలో నిజంగా న్యుమోనియా తెప్పించలేరు కదా, అందుకని పిల్ల స్టెతస్కోపు పెట్టగానే దిండు కిందనుంచి నేను కార్డు తీసి ఇవ్వాలి, ఏం వినపడాలో అందులో రాసుంటుంది, ఇవాళ్టి కార్డు నాకు కంఠతా వచ్చు, గుండె శబ్దం మామూలు, కుడి ఊపిరితిత్తి పైభాగంలో గరగర, పిల్లలు తెలివైనవాళ్ళు, రెండు వారాల్లోనే నేర్చేసుకున్నారు, స్టెతస్కోపు పెట్టడం, రెండో చెయ్యి చాపడం, బస్సు కండక్టరు డబ్బులకి చాపినట్టు, కొందరైతే చెవుల్లో పుల్లలు పెట్టుకోవడం కూడా మర్చిపోతారు, మెడలోనే వేలాడుతుంటాయి.

ఐసుగడ్డ నమస్కారమండీ అంది, పరీక్ష కదా బాబాయిని కాదు, అండీని, మూలన కుర్చీలో పెద్దమేడం, ఒళ్ళో మార్కుల కాగితం, అందుకే ఇవాళ కెవ్వుమనడానికి లేదు, కెవ్వుమంటే నా పని పోతుంది, ఈ పిల్ల ఇంతకు ముందు ఓసారి తప్పింది, ఇవాళ తప్పితే పేరు కొట్టేస్తారు, మళ్ళీ వార్డులోకి పోయి దుప్పట్లు మార్చుకోవాలి, సైకిల్ స్టాండు దగ్గర ఓ వానరోజు చెప్పింది, వాళ్ళ ఊరి క్లినిక్‌లో డాక్టరు కుర్చీ ఎప్పట్నుంచో ఖాళీగా ఉందట, ఏ డాక్టరూ రాడట, పాసైతే ఆ కుర్చీ నాదే బాబాయ్ అంది, ముందు దానిమీద దుమ్ము దులుపుకో, నీ చేతులు తగిలితే రోగులు మంచులో పెట్టిన చేపల్లా బిగుసుకుపోతారు అన్నాను, నవ్వింది, నా మాటలకి నవ్వడం నేర్చుకుంది పాపం, నవ్వకపోతే ఇంకోటి అంటానని.

దగ్గు ఎన్నాళ్ళనుంచండీ, రెండు వారాలండీ, కఫం వస్తోందా, లేదండీ, ఇంట్లో ఎవరికైనా ఊపిరితిత్తుల జబ్బు ఉండేదా, అబ్బో అడిగింది, మా నాన్న పోయింది క్షయతోనేనండీ, పైన ఆయన తల బాదుకుంటూ ఉంటాడు, పెద్దమేడం కలం కదిలింది, మార్కు పడింది, బాగానే చేస్తోంది, ఇప్పుడు అరచేతులు రుద్దుకుంటోంది, గట్టిగా, నిప్పు పుట్టించేలా రుద్దుకుంటోంది, నాకోసమే, చెయ్యి పెట్టింది, చల్లగా లేదు, గోరువెచ్చగా ఉంది, స్టెతస్కోపు పెట్టగానే నేను కార్డు తీసి చాపాను, తీసుకుంది, చదివింది, పక్కన పెట్టింది, పోవే తల్లీ పాసయ్యావ్ అనుకుంటుంటే మళ్ళీ పెట్టింది, ఛాతీకి కుడివైపు పైన, ఎముక పక్కన, కళ్ళు మూసుకుంది, అక్కడ ఇంతసేపు ఎవరూ పెట్టలేదు ఎప్పుడూ, బిళ్ళ జరిపి మెడ మీద పెట్టింది, మెడలో ఏముంటుందే, ఊపిరి ఓసారి బిగపట్టండి అంది, పట్టాను, ఈసారి నిజంగానే పట్టాను, దాని కనుబొమలు దగ్గరికొచ్చాయి, ఈ మొహం నేను ఎక్కడో చూశాను, మా ఆవిడ అన్నం గిన్నె అడుగంటిందేమోనని మూత తీయకుండానే వాసన చూసేటప్పటి మొహం.

మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అండీ.

రెయిలింగు, వట్టి గోడ, లేని నోటీసు, కాగితంలో లేనిది ఏది అడిగినా లేదు అనాలి, అది నాకు నేర్పిన మొదటి నియమం, లేదండీ అన్నాను, కళ్ళు తిరిగి ఎప్పుడైనా పడిపోయారా, బకెట్టు, పారిన నీళ్ళు, మోచెయ్యి, లేదండీ, అది నా మోచేతి వంక చూసింది, చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాను, నవ్వాను, అది నవ్వలేదు, మొదటిసారి నవ్వలేదు, పెద్దమేడం వైపు తిరిగి, మేడం, ఊపిరితిత్తిలో గరగర ఉందని కార్డు, క్షయ పరీక్షకి పంపుతాను, కానీ గుండెలో బుస్సుమని చప్పుడు ఉంది మేడం, మెడదాకా పాకుతోంది, కవాటం బిగుసుకుపోయి ఉండొచ్చు, ముందు ఈయన్ని గుండె డాక్టరుకి చూపించాలి అంది, కార్డు చదివావా లేదా అంది పెద్దమేడం, చదివాను మేడం, గుండె ఎలా ఉందని ఉంది, మామూలుగా ఉందని ఉంది మేడం, మరి, కానీ వినపడుతోంది మేడం, చూడమ్మాయ్, పరీక్షలో రోగి అంటే కార్డే, లేని జబ్బు ఉందని చెప్పడం ఉన్న జబ్బు కనిపెట్టకపోవడంకన్నా పెద్ద తప్పు, బయట ఇలా చేస్తే మనుషులు హడలి చస్తారు, మీరొక్కసారి వినండి మేడం, నాకు టైము లేదు, ఇంకా ఇంతమంది ఉన్నారు, ఏమయ్యా, నీ గుండెలో ఏమన్నా ఉందా.

నన్నే అడిగింది, ఇద్దరూ నా వైపే చూస్తున్నారు, అవునండీ అంటే చాలు, ఆయాసమొస్తోందండీ, మొన్న పడిపోయానండీ, ఆ రెండు ముక్కలు నాలుక చివర దాకా వచ్చాయి, కానీ ఆ రెండు ముక్కలు అంటే అవి నిజమైపోతాయి, అనకపోతే ఇంకా కావు, తెర అవతల గొణుగుడు ఆగింది, వింటున్నారు అందరూ, నా నోటినుంచి ఏదో ఒకటి వస్తుందని ఎదురుచూస్తున్నారు, ఉందండీ, పాతికేళ్ళుగా మా ఆవిడ ఉంది, ఖాళీ చెయ్యమంటే చెయ్యదు అన్నాను, తెర అవతల గుప్పున నవ్వు, పెద్దమేడం కూడా పెదవి బిగించి నవ్వుతూనే కలంతో ఓ గీత గీసింది, అడ్డంగా, ఆ చప్పుడు వినపడింది నాకు, కాగితం మీద గీత ఇంత చప్పుడు చేస్తుందని తెలీదు, ఐసుగడ్డ ఏడవలేదు, ఏడిస్తే బాగుండేది, ఏడుపుకైతే నా దగ్గర జోకులున్నాయి, వంగి నా చొక్కా గుండీలు పెట్టింది, ఒక్కోటి, పైదాకా, నీకు పుణ్యముంటుంది బాబాయ్, రేపే పెద్దాసుపత్రికి పో, బరువులెత్తకు, పిన్నికి నిజం చెప్పు అని నా చెవిలో అంది, చేతులు మళ్ళీ చల్లబడిపోయాయి, గంట మోగింది, పోయింది, తెర ఊగుతోంది ఇంకా.

నవ్వు ఎంతసేపుంటుంది గదిలో, ఊదొత్తి పొగ పాటి కూడా ఉండదు, మళ్ళీ గంట, వచ్చింది గడగడ, ఈ పిల్లకి పేరు పెట్టాల్సిన పనే లేదు, నోరు తెరిస్తే గడగడే, నమస్కారమండీ దగ్గు ఎన్నాళ్ళనుంచండీ కఫం వస్తోందా జ్వరం వస్తోందా, ఊపిరి తీసుకోదు, నేను చెప్పేది వినను కూడా వినదు, వినాల్సిన అవసరమేముంది, మంచి మార్కులు దీనివే, రేపు ఏ ఊళ్ళోనో కుర్చీలో కూర్చుంటుంది, ఎదురుగా ఓ ముసలాడు చొక్కా విప్పుకుని కూర్చుంటాడు, వాడి దిండు కింద కార్డుండదు, అప్పుడేం చేస్తావే అమ్మాయ్, అందాకా ఎందుకు, నాకు మెట్లెక్కితే ఆయాసమొస్తోందమ్మా అన్నాను, ఎలా వచ్చిందో ఆ మాట, దగ్గు గొంతుతో కాదు, నా గొంతుతో వచ్చింది, మా ఆవిడ కూడా ఎప్పుడూ వినని గొంతు, కాగితంలో లేని ముక్క, గడగడ ఆగింది, పెద్దమేడం వైపు ఓ చూపు చూసి, నా మీదికి వంగి, పళ్ళ సందునుంచి, బాబాయ్, నీకు దణ్ణం పెడతా, దాన్ని ముంచావ్ చాలు, నన్ను ముంచకు, ఇవాళ వేషాలొద్దు అంది, లేదే తల్లీ నిజం, నిజమే బాబాయ్, నీకెప్పుడూ నిజమే, పోయినేడాది చచ్చిపోయావ్ కూడా, అని స్టెతస్కోపు పెట్టింది, చొక్కా మీదే, ఐసుగడ్డ పెట్టిన గుండీ మీదే, పుల్లలు చెవుల్లో లేవు, మెడలో వేలాడుతున్నాయి, రెండో చెయ్యి చాపింది, అరచెయ్యి నా మొహం ముందు తెల్లగా, ఖాళీగా, వేళ్ళు ఆడిస్తూ తొందర పెడుతోంది, నా చెయ్యి దానంతటది దిండు కిందికి పోయి కార్డు తీసింది, గుండె శబ్దం మామూలు, అంచులు నలిగి మెత్తబడిపోయింది, ఎన్ని చేతుల్లోకి వెళ్ళి వచ్చిందో, ఎన్నిసార్లు మా ఆవిడకి చెప్పానో, ఇంతమంది విన్నారే, ఒక్కత్తె కూడా ఏమీ అనలేదే అని, వాళ్ళెవరూ వినలేదు, రెండేళ్ళుగా నా గుండె బాగుందని వాళ్ళకి చెప్తున్నది నేను, వాళ్ళు చెప్పారని నమ్ముతున్నదీ నేనే, విన్న ఒక్కదాన్నీ, అందర్నీ నవ్వించి గెంటించాను, అరచెయ్యి ఇంకా అలాగే ఉంది, వేళ్ళు ఆడుతున్నాయి, కార్డు అందులో పెట్టాను.