సర్దార్‌బీ ఎక్కడ చనిపోయింది?

నలుగురు హమాలీలు సర్దార్‌బీని పరదా పట్టాలో వేసి మోసుకొచ్చి, గేటు దాటించి, రోడ్డవతల తుమ్మచెట్టు కింద దింపారు. పట్టాలోంచి ఒక చెయ్యి బయటికి వేలాడుతోంది. ఆ చేతివేళ్ళ సందుల్లో మిరప గింజలు ఇంకా అంటుకునే ఉన్నాయి.

"నూట ఎనిమిదికి ఫోన్ చేశాం. దారిలో పడిపోయిందని చెప్పండి, ఎవరన్నా అడిగితే" అంది ముఠా మేస్త్రి కోటిరత్నం. ఆ మాట చెబుతూ ఎవరి మొహంలోకీ చూడలేదు.

పున్నమ్మకి నిజం తెలుసు. సర్దార్‌బీ ముక్కు దగ్గర మోచెయ్యి పెట్టి చూసింది తనే. లోపల, ఎర్రటి కాయల గుట్ట మీద, ఊపిరి ఆగిపోయాకనే హమాలీలు వచ్చారు. గేటు లోపల చనిపోతే కంపెనీ జవాబు చెప్పాలి. గేటు బయట చనిపోతే ఎవరో దారినపోయే తురక ముసలమ్మ, అంతే. మనిషి చచ్చాక కూడా ఆమెతో ఒక అబద్ధం మోయిస్తున్నారు.

ఏడుపు తన్నుకొచ్చింది. మిరప చేతులతో కళ్ళు తుడుచుకునే రాత ఈ పని చేసేవాళ్ళకి లేదు. పున్నమ్మ భుజం ఎత్తి, జాకెట్టు చేతికి కళ్ళు రుద్దుకుంది.

ప్రత్తిపాడు నుంచి ఆటోలో వచ్చి ఈ కోల్డ్ స్టోరేజీ పక్క ఆవరణలో తొడిమలు తీసే ఆడవాళ్ళు నలభైమంది. తేజ రకం మిరపకాయకి తొడిమ తీస్తేనే చైనాకి ఎగుమతి. పున్నమ్మా సర్దార్‌బీ పదకొండేళ్ళుగా పక్కపక్కనే కూచుంటున్నారు. ఒకరిది చర్చి, ఒకరిది మసీదు, ఇద్దరిదీ ఒకటే మంట. ఇంటికెళ్ళాక చేతులకి మజ్జిగ రాసుకోకపోతే నిద్ర పట్టదు.

పోయిన ఆదివారం ప్రార్థన అయ్యాక, సండేస్కూలు రేకుల షెడ్డులో ప్రసన్నకుమార్ మాస్టారు తొడిమల కూలీలందరికీ క్లాసు పెట్టాడు. బడి ఉద్యోగం నుంచి రిటైరై యూనియన్ పని చూస్తున్న మనిషి. ఏ దేశం ఎంత సోషలిస్టో తేల్చుకుందాం రమ్మన్నాడు. నల్లబల్ల మీద ఐదు దేశాల పేర్లు రాసి, పక్కన ఐదు ప్రశ్నలు వరసగా వేశాడు. ఫ్యాక్టరీ ఎవరిది? రోగమొస్తే ఖర్చెవరిది? యూనియన్ పెట్టుకోనిస్తారా? సమ్మె చేయనిస్తారా? పాలించేవాణ్ణి దించగలరా?

"స్వీడన్‌లో ఫ్యాక్టరీలు షావుకార్లవే. కానీ డాక్టరు ఖర్చు సర్కారుది, యూనియన్ మాటకి బలముంది. క్యూబాలో ఫ్యాక్టరీలు సర్కారువి, వైద్యం ఉచితం. కానీ అంగట్లో సరుకు దొరకదు, రెండో పార్టీ పెట్టనివ్వరు. చైనాని ఏలేది కమ్యూనిస్టు పార్టీ. అయినా వ్యాపారులు కోట్లకి పడగలెత్తారు, కూలీలు సొంతంగా సంఘం పెట్టుకోడానికి లేదు. వియత్నాంలోనూ దాదాపు అంతే. ఐదోది మన దేశం. మన రాజ్యాంగం మొదటి పేజీలోనూ సామ్యవాదమని రాసుకున్నాం" అని ఒక్కో గడిలో టిక్కులూ ఇంటూలూ పెట్టుకుంటూ పోయాడు.

"దూరపు కొండలు నునుపు" అని మూలనుంచి కోటిరత్నం అంది. క్లాసులో ఎవరేం మాట్లాడుతున్నారో కంపెనీకి చేరవేయడానికే వచ్చిందని అందరికీ తెలుసు.

సర్దార్‌బీ చెయ్యి ఎత్తింది. "మాస్టారూ, ఆ దేశాల్లో మాలాంటోళ్ళు నీడలో కూకుంటారా, ఎండలోనా?"

షెడ్డంతా నవ్వింది. మాస్టారు మాత్రం నవ్వలేదు. సుద్దముక్కతో కింద ఆరో వరస గీసి 'నీడ' అని రాశాడు. "నాకు తెలీదమ్మా. తెలుసుకుని చెప్తా" అన్నాడు. ఆ వరసలో ఐదు గడులూ ఖాళీగానే ఉండిపోయాయి.

మాస్టారు చైనా గడుల్లో ఇంటూలు కూడా పెట్టాడు. పున్నమ్మ మనసుకి అవి పట్టలేదు. ఎర్రజెండా ఒక్కటే పట్టింది. బాధల్లో ఉన్నవాళ్ళు తమకి కావలసిందే వింటారు, అది వాళ్ళ తప్పు కాదు.

ఈరోజు పొద్దున కోటిరత్నం వస్తూనే, "చైనా ఆయన సరుకు చూడ్డానికొస్తన్నాడు. ఈ పచ్చ పట్టా కింద కాయ నల్లగా కనపడతందంట. ఇప్పదీయండి" అంది. తలల మీద ఉన్న ఆ కాస్త నీడనీ హమాలీలు చుట్టచుట్టి గోడకి ఆనించారు. వైశాఖ మాసం ఎండ. పదిన్నరకే కాయలు ముట్టుకుంటే కాలుతున్నాయి.

"తల తిరగతంది పున్నక్కా. ఇంటికి బోతా" అంది సర్దార్‌బీ.

"ఒక్క గంట కూకోవే. ఆయన కూలోళ్ళ పార్టీ ఏలే దేశం మనిషి. పట్టా పీకేశారని ఇద్దరం కలిసి చెబుదాం. నువ్వయితే బాగా అడగతావు" అంది పున్నమ్మ.

సర్దార్‌బీ కూచుంది. పున్నమ్మ మాట ఎప్పుడూ కాదనలేదు.

పన్నెండు దాటాక కారొచ్చింది. టోపీ పెట్టుకున్న నడివయసు మనిషి దిగాడు, పక్కన ఇంగ్లీషు మాట్లాడే కుర్రవాడు. ఆ మనిషి కాయ తీసి విరిచాడు, వాసన చూశాడు, ఎండకి ఎత్తి పట్టుకున్నాడు. పున్నమ్మ లేచి నిలబడింది. "అయ్యా, మా నెత్తిన నీడ తీసేశారు. కాయకి రంగు కావాలంట. మీ దేశంలో ఇట్టాగే చేస్తారా?"

ఆయన కుర్రవాడి వైపు చూశాడు. కుర్రవాడు మేనేజర్ వైపు చూశాడు. మేనేజర్ నవ్వుతూ ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఆయన తలూపి, పున్నమ్మకి బొటనవేలు చూపించాడు. కాయ బాగుందని ఆవిడ అంటోందని మేనేజర్ చెప్పినట్టున్నాడు.

అప్పుడే సర్దార్‌బీ పక్కకి ఒరిగింది.

ముందుగా పరిగెత్తుకొచ్చింది ఆ చైనా ఆయనే. తన సీసాలో నీళ్ళు ఆమె మొహాన పోశాడు, తన టోపీ ఆమె మొహానికి అడ్డంపెట్టాడు. మేనేజర్ ఆయన్ని భుజం పట్టి లేపి కారెక్కించాడు. కారు వెళ్ళిపోయింది. ఆయన మంచివాడే అయుండొచ్చు. ఏం లాభం? వచ్చింది సరుకు కొనడానికి.

ఇప్పుడు తుమ్మచెట్టు కింద ఆడవాళ్ళు తలో మాటా అంటున్నారు. "పోయింది ఎట్టాగూ పోయింది, రేపు మనకి పనొద్దా?" అని ఒకరు. "ఇయ్యాల సర్దారు, రేపు నువ్వు" అని సుబ్బరావమ్మ. ఇంతలో ప్రసన్నకుమార్ మాస్టారు స్కూటర్ మీద సర్దార్‌బీ కూతురు నజ్మీన్‌ని తీసుకొచ్చాడు. ఆ పిల్ల తల్లి పక్కన కూలబడింది. పున్నమ్మ వైపు తలెత్తింది.

"మా అమ్మ ఎక్కడ చచ్చిపోయింది పెద్దమ్మా?"

దారిలో అని చెప్పమన్నారు. కోటిరత్నం ఇటే చూస్తోంది.

"లోపల. నా పక్కన" అంది పున్నమ్మ. "ఇంటికి బోతానంది. నేనే ఉండమన్నానే నజ్మీనూ. ఆ దేశపాయన మన మాట వింటాడని నేనే కూకోబెట్టా. మీ అమ్మని నేనే కూకోబెట్టా."

నజ్మీన్ తల్లి చేతివేళ్ళ సందుల్లోంచి మిరప గింజలు తీయసాగింది. తిట్టినా బాగుండేది.

మాస్టారు, "కార్మిక శాఖకి అర్జీ రాద్దాం, కలెక్టర్‌కి..." అని మొదలుపెట్టాడు.

"రాద్దురుగాని మాస్టారూ. ముందు ఆమెని ఆమె చోటికి చేర్చాలి" అంది పున్నమ్మ. "ఇక్కడుంటే మీ అర్జీలో కూడా ఆమె రోడ్డు మీదే చస్తది."

నజ్మీన్ లేచి పట్టా ఒక మూల పట్టుకుంది. పున్నమ్మ రెండోది. పని పోతుందని భయపడిన మనిషే మూడోది పట్టుకుంది. వాచ్‌మన్ గేటు మూయబోయి, నలభైమందిని చూసి పక్కకి తప్పుకున్నాడు.

కాయల మధ్య సర్దార్‌బీ కూచునే చోట ఆమెని పడుకోబెట్టారు. ఎండ నడినెత్తిన ఉంది. అందరిలోకీ చిన్నది హారిక వెళ్ళి, అన్నం క్యారేజీల మీద కప్పిన పాత చీరలు రెండు తెచ్చింది. పదిమంది వాటి అంచులు పట్టుకుని ఆమె మీద పందిరిలా నిలబడ్డారు. బతికుండగా ఈ పని చేసుంటే ఎంత బాగుండేదని పున్నమ్మ అనుకుంది.

గంటైనా నూట ఎనిమిది బండి రాలేదు, మేనేజర్ పిలిచిన పోలీసు జీపొచ్చింది. ఎస్సై మేనేజర్‌తో మాట్లాడి, కాగితం తీసి, హారికని అడిగాడు. "ఈమె ఎక్కడ చనిపోయింది?"

"నా పక్కన సార్."

"నువ్వు?"

"నా పక్కనే."

సుబ్బరావమ్మా అదే మాట. ఆమె వెనకామె కూడా అదే. ఎస్సై విసుక్కున్నాడు. "ఒక్క మనిషి ఇంతమంది పక్కన ఎట్లా చస్తుందమ్మా?"

"అందరం ఒకళ్ళ పక్కన ఒకళ్ళం కూకునేగా సార్ పని చేసేది" అంది సుబ్బరావమ్మ.

మేనేజర్ ముందుకొచ్చాడు. "వీళ్ళనెందుకు సార్, మేస్త్రిని అడగండి. ఆవిడ నిజం చెబుతుంది."

కోటిరత్నం గోడవారగా, చుట్టచుట్టిన పచ్చ పట్టా పక్కన నిలబడి ఉంది. ఆమె తల్లి కూడా తొడిమలు తీసి తీసి కళ్ళు పోగొట్టుకున్న మనిషే. మేస్త్రి అయ్యాక ఆ సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. ఆ పట్టా వైపు ఒకసారి చూసింది. తర్వాత నడిచొచ్చి సర్దార్‌బీ కాళ్ళ దగ్గర నిలబడింది.

"లోపలే సార్. ఈ కాయ మీదే పోయింది. పట్టా ఇప్పించింది నేను. బయటికి మోయించింది నేను. రెండూ చెయ్యమన్నది ఆయన" అని మేనేజర్‌ని చూపించింది.

ఎస్సై కలం ఆగింది. మేనేజర్ మొహం మాడిపోయింది. రేపట్నుంచి ఒక్కళ్ళు కూడా గేటు లోపలికి అడుగుపెట్టరని అరిచాడు. ఎవరూ చీర అంచు వదల్లేదు.

శవాన్ని కదిలించారనీ, ఆవరణలోకి చొరబడ్డారనీ కేసు రాసి, పున్నమ్మనీ కోటిరత్నాన్నీ జీపెక్కమన్నారు. పున్నమ్మ మాస్టారి వైపు తిరిగింది.

"ఆ ఆరో వరస చెరపొద్దు మాస్టారూ. ఆదివారం మేం రాకపోయినా క్లాసు పెట్టండి. మిగతా దేశాల సంగతి తర్వాత. మన దేశం పేరు కింద ఆ గడిలో ఇయ్యాల జరిగింది రాయండి."

మాస్టారు తలూపాడు.

పున్నమ్మ పట్టుకున్న చీర అంచు ఎవరికివ్వాలా అని చుట్టూ చూసింది. నజ్మీన్ లేచి వచ్చింది. పున్నమ్మ మొహంలోకి చూడకుండానే ఆ అంచు అందుకుని, తల్లి మొహం మీద ఎండ పడకుండా కొంచెం పైకెత్తి పట్టుకుంది.