కాలరమ్మ పంతం

బడి యూనిఫారాలు కుట్టే ఆ షెడ్డులో అందరూ ఆమెను కాలరమ్మ అనేవారు. చొక్కాకు కాలరు వేయడంలో ఆమె చెయ్యి అంత తీరుగా ఉండేది. షెడ్డు ఆమె వదినది, అంటే భర్త అక్కది. భర్త అక్కడే వ్యాను నడిపేవాడు. బడులు తెరిచే ముందు ఊపిరి సలపనంత పని. తెరిచాక నెలల తరబడి ఖాళీ. ఆ ఖాళీ రోజుల్లో వదిన మిగతావాళ్ల చేతిలో ఎంతో కొంత పెట్టేది. కాలరమ్మకు మాత్రం "మనలో మనకేంటి, చూద్దాంలే" అని నవ్వేసేది.

ఒక ఏడాది అలాంటి రోజుల్లోనే ఇంట్లో బియ్యం అడుగంటాయి, కూతురి బూట్లు నోళ్లు తెరిచాయి. సిగ్గు చంపుకుని కాలరమ్మ పిల్లను తీసుకుని వదిన ఇంటికి వెళ్లింది. అక్కడ చుట్టాలు భోజనాలు చేస్తున్నారు. వదిన లోపలికి వెళ్లి తన కూతురి పాత బూట్లు తెచ్చి అందరి ముందూ నేలమీద పడేసింది.

"ముందు కాస్త దూది కుక్కితే సరిపోతాయిలే. మా తమ్ముడు ఎంత తెచ్చినా ఈవిడ చేతిలో నిలవదు" అంది.

చుట్టాలు నవ్వారు. పిల్ల వంగి బూట్లు తీసుకుంది. కూతురు అలా వంగడం కాలరమ్మ చూసింది.

తిరిగొచ్చే దారిలో ఆమె ఏడవలేదు, ఆలోచించింది. వదినకు తన అవసరం బాగా ఉన్న రోజు చూసి లేచి వచ్చేయాలి. వచ్చాక కడుపు మాడి మళ్లీ ఆ గుమ్మం తొక్కకూడదు. అంటే కరువును ముందే ఇంట్లోకి పిలిచి దానితో కాపురం చేయడం నేర్చుకోవాలి.

పని మళ్లీ మొదలవగానే రెండు గదుల ఇల్లు ఖాళీ చేసి, పిండిమర పైనున్న ఒంటి గదిలోకి మారారు. ఫ్రిజ్జు అమ్మేసి పాత కుట్టుమిషను కొంది. షెడ్డు నుంచి రాగానే చుట్టుపక్కల వాళ్ల జిప్పులు మార్చేది, ప్యాంట్లు పొట్టి చేసేది. మంచం కింద బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు చేరాయి. 

"యుద్ధమేమన్నా వస్తోందా ఏంటే?" అన్నాడు భర్త, కాళ్లు చాపుకునే చోటు లేక.

"వస్తోంది. మీరు మీ అక్కతో మాత్రం అనకండి."

అతను నవ్వాడు. హాస్యమనుకున్నాడు.

మరుసటేడు వదినకు ఎన్నడూ లేనంత పెద్ద బడి ఆర్డరు వచ్చింది. చొక్కాలన్నీ తయారై, కాలర్లు వేయడం ఒక్కటే మిగిలిన రోజున కాలరమ్మ తన కత్తెర సంచిలో వేసుకుంది.

"రేపట్నుంచి నేను రాను వదినా."

"సరేలే. ఆకలేస్తే నువ్వే వస్తావు" అంది వదిన తల కూడా ఎత్తకుండా.

ఆకలేయలేదు. వేరేవాళ్లు వేసిన కాలర్లు ఒకటి అటూ ఒకటి ఇటూ పోయి, బడివాళ్లు మూటలు మూటలుగా వెనక్కి పంపారు. వదిన ముందు తమ్ముడితో రమ్మని కబురు పంపింది. తర్వాత తనే పిండిమర మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చింది.

"ఎంత కావాలో చెప్పు. ఇస్తాను."

"నాకేం వద్దు."

"మరి ఏం చెయ్యమంటావు?"

"ఏం చెయ్యక్కర్లేదు వదినా. అందరి ముందూ నా బిడ్డ వంగింది. మీకది గుర్తుందో లేదో, నాకుంది."

వదిన కళ్లు తుడుచుకుంది. కాలరమ్మ మిషను తొక్కుతూనే ఉంది. ఎంత హాయిగా ఉందో ఆమెకు చెప్పనలవి కాదు.

ఆర్డరు చేజారింది, షెడ్డు మూతపడింది. భర్త పనీ పోయింది. అతను నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు, తర్వాత మార్కెట్టులో మూటలు మోయడానికి వెళ్లాడు. జిప్పుల పనితో, మంచం కింది బియ్యంతో రోజులు గడిచాయి. ఇదంతా ఆమె ముందే లెక్క వేసుకున్నదే.

లెక్కలోకి రానిది బొత్తాల పిన్ని. షెడ్డులో బొత్తాలు కుట్టే ఒంటరి మనిషి. ఒకరోజు వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"నీ పగ నీది. మధ్యలో నా పొయ్యెందుకు ఆర్పావమ్మా?"

కాలరమ్మ మంచం కింది బస్తా లాగింది. బియ్యం కొలిచి ఇచ్చింది. పిన్ని తీసుకుంది కానీ ఆమె మొహం చూడలేదు. మర్నాటి నుంచి ఆ గదిలోనే కూర్చుని కాలరమ్మ ఇచ్చే బట్టలకు కాజాలు కుట్టసాగింది, అవసరమైన మాట తప్ప ఇంకో మాట లేకుండా.

ఆ నెలాఖర్లో వదిన మిషన్లు అమ్ముతోందని తెలిసింది. కాలరమ్మ స్వయంగా వెళ్లింది. బయటివాళ్లెవరూ ఆడనంత గట్టిగా బేరమాడి, మంచి మిషను ఒకటి ఏరుకుంది. వదిన ఆ ధరకే ఒప్పుకుంది.

భర్త దాన్ని భుజాన మోసుకొచ్చి పిన్ని ముందు దించాడు. చెమట తుడుచుకుంటూ భార్య వంక చూశాడు.

"నీ పంతానికి ఇక చాలా?"

కాలరమ్మ మిషనుకు నూనె పోసింది.

"తెలీదండీ" అంది.