రెండో సాయంత్రం రాణి

“నెమలి కూడా వస్తోంది. ఈసారి టీ కాస్త బాగా పెట్టు,” అన్నాడు మొగుడు, అద్దం ముందు మీసం సవరించుకుంటూ.

కాస్త బాగా అట! పెళ్ళైన దగ్గర్నుంచీ పొద్దునా సాయంత్రం ఆమె పెట్టిన టీయే గుటకలేస్తున్న మనిషికి, నెమలి వస్తోందనేసరికి అందులో లోటు కనబడింది. ఆమె అటక మీంచి దించిన పింగాణీ కప్పుల్ని సింకులో వేసుకుని ఒక్కొక్కటే రుద్దుతూ నిలబడింది. ఆదివారం. వారం పొడుగునా కళ్ళాసుపత్రి రిసెప్షన్లో మైకు పట్టుకుని టోకెన్ నంబర్లు పిలిచి పిలిచి గొంతు గీరుకుపోయిన మనిషికి దొరికే ఒకే ఒక్క సెలవు. ఆ సెలవునాడే హాలు తుడవాలి, పక్కింట్లోంచి కుర్చీలు మోసుకు రావాలి, వచ్చేవాళ్ళందరికీ వండాలి, ఆపైన ఈ కప్పులు. పనికేముంది, చేతులు ఎప్పుడో అలవాటు పడిపోయాయి. ఆమెను నమిలేస్తున్నది పని కాదు. నెమలి.

అసూయ అంటే పెద్ద మాట, పుస్తకాల్లో బాగుంటుంది. ఆమెకున్నది కడుపుమంట, అచ్చమైన కడుపుమంట. పేపర్లో నాటకాల వార్తల మధ్య నెమలి ఫొటో కనిపిస్తే పేజీ తిప్పేసేది, మళ్ళీ వెనక్కి తిప్పి చూసేది. ఫోన్లో ఎవరైనా పంపితే వేళ్ళతో పెద్దది చేసి, మెడ మీద ముడతలేమైనా వచ్చాయేమోనని వెతికేది. వచ్చేవి కావు. తెల్లబడిన జుట్టు కూడా ఆ మహాతల్లికి కావాలని పెట్టుకున్న నగలాగే ఉండేది. “ఊరంతా తనదేనన్నట్టు ఆ నవ్వేంటో,” అని గొణుక్కుని ఫోను బోర్లా పెట్టేది. ఇరవై ఏళ్ళు దాటినా ఈ మంట చల్లారలేదు.

అప్పట్లో కాలేజీ సెలవుల్లో నాటకాల శిబిరం నడిచేది. నాలుగు వందల ఏళ్ళ కిందటి ఆ ఇంగ్లీషు నాటకాలాయన్ని పిల్లలందరూ తాతగారనేవాళ్ళు. ప్రతి వేసవికీ తాతగారి నాటకం ఒకటి మాష్టారు మన మాటల్లోకి దింపేవారు, పిల్లలు వేసేవాళ్ళు. ఆమె బక్కగా, గలగలా వాగుతూ ఉండేది కనక పిచ్చుక అని పేరు పడింది, నెమలికి ఆ పేరు పడిందీ అక్కడే. ఆ శిబిరంలో మాష్టారిది ఒక పద్ధతి ఉంది, అది ఇంకెక్కడా లేదు. ప్రతి వేషానికీ ఇద్దరు. ఒకరు వేషగాడు, ఇంకొకరు నీడ. నీడ కూడా మాటలన్నీ నేర్చుకోవాలి, అడుగులన్నీ వేయాలి, రిహార్సల్లో వేషగాడి వెనకే తిరగాలి. నాటకం రెండు సాయంత్రాలు. మొదటిది వేషగాళ్ళది, రెండోది నీడలది. నీడకి తన సాయంత్రం ఇవ్వకపోతే శిబిరంలో అంతకన్నా పెద్ద తప్పు లేదు.

ఆ ఏడాది నాటకంలో అనుమానపు రాజొకడు, పురిటి మంచం మీంచి లేచొచ్చిన రాణిని నిండు సభలో నిలదీస్తాడు. రాణి వేషం నెమలిది. నీడ పిచ్చుక. రెండో సాయంత్రం కోసం పిచ్చుక అన్నం తింటూ, బస్సులో నిలబడి, బట్టలు ఉతుకుతూ ఆ మాటలే గొణుక్కుంది. తీరా ఆ సాయంత్రం వచ్చేసరికి, తెర వెనక ముఖానికి రంగు పూసుకుని కూర్చున్నదాని దగ్గరికి రాజు వేషం వేస్తున్న కుర్రాడు వచ్చాడు. వాడి నీడ శిబిరం మధ్యలోనే మానేశాడు కనక వాడికి రెండు సాయంత్రాలూ దక్కాయి. “నెమలి ఇవ్వనంటోంది. ఒకటే ఏడుపు. మాష్టారు కూడా సరే అన్నారు. నువ్వు గొడవ చెయ్యకు, నీకే చిన్నతనం,” అన్నాడు. పిచ్చుకకి రోషం ఎక్కువ. ఎవర్నీ ఒక్క మాట అడగలేదు. మొహం కడిగేసుకుని, మెట్ల మీద కూర్చుని, లోపల్నుంచి వినిపించే చప్పట్లు విన్నది. నాటకం అయ్యాక అందరూ నెమలి చుట్టూ మూగితే ఆ కుర్రాడొక్కడే వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు, చేతిలో రుమాలు పెట్టాడు. ఆ పక్కన కూర్చోవడమే చివరికి పెళ్ళి దాకా వచ్చింది. ఈ మొగుడు ఆ రాజే.

నాలుగు గంటలకల్లా అందరూ దిగారు. అందరికంటే ముందు పళ్ళ డాక్టరు, అప్పట్లో భటుడి వేషం, ఇప్పటికీ నోరు మూతపడదు. ఆఖర్న నెమలి. శిబిరం ఇప్పుడు ఆవిడే నడుపుతోంది. ఈ వేసవితో ముప్ఫై ఏళ్ళు నిండుతాయి కనక పాతవాళ్ళందర్నీ కూడగట్టి ఆ నాటకమే మళ్ళీ వేయించాలని ఆవిడ ఆలోచన. అందుకే ఈ కలయిక. గుమ్మంలోనే “పిచ్చుకా!” అంటూ చేతులు చాచింది. “చేతులు తడిగా ఉన్నాయి,” అని ఆమె పక్కకి తప్పుకుంది. నెమలి గొంతు బొంగురుపోయి ఉంది. జలుబు కాబోలు, బాగా అయింది అనుకుంది ఆమె, అనుకున్నందుకు సిగ్గు కూడా పడలేదు.

హాల్లో నవ్వులు మొదలయ్యాయి. కిరీటం జారి ముక్కు మీదికొచ్చిన సంగతి, కరెంటు పోతే మాష్టారు టార్చిలైటు పట్టిన సంగతి. ఆమె వంటింటికీ హాలుకీ మధ్య ట్రే మోస్తూ, ప్రతి కథలో సగమే వింటోంది. నవ్వు అందుకునే సమయానికి ఆమె చేతిలో ఎంగిలి కప్పులుండేవి.

“మా ఆవిడ కూడా ఆర్టిస్టేనండోయ్!” అన్నాడు మొగుడు. “ఇప్పటికీ రోజూ మైకులో అదరగొడుతుంది. టోకెన్ నంబర్ ఇరవై రెండూ, రూమ్ నంబర్ మూడూ!” అని ఆమె గొంతుతోనే చేసి చూపించాడు. అందరూ నవ్వారు. సోఫాలో అత్తగారు పడీపడీ నవ్వింది. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు కూడా అంతే, “కొంచెం నవ్వు కలిపి పిలవమ్మా, పేషెంట్లకి హుషారుగా ఉంటుంది,” అంటాడు. నెమలి మాత్రం నవ్వలేదు. అదొకటి, మళ్ళీ గొప్పదనం ఒలకబోయడం, అనుకుంది ఆమె.

“ఏదేమైనా నెమలీ, ఆ రెండో సాయంత్రం మాత్రం నువ్వు చంపేశావు,” అన్నాడు పళ్ళ డాక్టరు. “మొదటి రోజు నిటారుగా నిలబడి ఉరిమావా, రెండో రోజు కుర్చీ వీపు పట్టుకుని, నిలబడలేక నిలబడి, మెల్లిగా మాట్లాడావు చూడు! నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.”

ఆమె ట్రే టేబుల్ మీద దించింది. ఆ కుర్చీ ఆమెది. అప్పుడే అక్కకి పురుడొచ్చింది. పురిటాలు పక్క మీంచి లేచి దేన్ని పట్టుకుని నిలబడుతుందో, ఒక్క మాటకి ఎంత ఊపిరి తీసుకుంటుందో కళ్ళారా చూసింది. రిహార్సల్లో ఒకే ఒక్కసారి అలా చేసి చూపించింది. తన సాయంత్రాన్ని లాక్కున్నది చాలక అది కూడా ఎత్తుకుపోయి, ఇన్నేళ్ళుగా పొగడ్తలు తింటోందన్నమాట! వేడి టీ తీసుకెళ్ళి ఆ నలగని చీర మీద పోస్తే ఎలా ఉంటుందని క్షణం సేపు నిజంగానే అనిపించింది.

“అది నాది కాదురా,” అంది నెమలి. “పిచ్చుకది. రిహార్సల్లో అది చేస్తుంటే చూసి, రెండో రోజు దాని బదులు ఎక్కాల్సొచ్చింది కదా, అలాగే చేశాను. దానంత బాగా రాలేదు.” తర్వాత ఆమె వైపు తిరిగింది. “ఇన్నేళ్ళూ అడుగుదామనుకుంటూనే ఉన్నా. అంత బాగా చేసేదానివి, ఆఖరి నిమిషంలో నీ వల్ల కాదని ఎందుకు కబురు పెట్టావే? నగలన్నీ ఒలిచి పళ్ళెంలో పెట్టుకుని నీకోసం కూర్చున్నాను.”

“నేను కబురు పెట్టడమేంటి?” అంది ఆమె. “నువ్వే కదా ఇవ్వనన్నావు. ఒకటే ఏడుపు అట కదా.”

“నేను ఏడ్చానా! ఎవరు చెప్పారు నీకు?”

ఇద్దరూ ఒకేసారి ఒకే మనిషి వైపు తిరిగారు.

“అబ్బా, పాత సంగతులన్నీ ఇప్పుడెందుకూ?” అన్నాడతను, బిస్కెట్ టీలో ముంచుతూ. “పిల్లతనం.”

“నువ్వా చెప్పింది?” అంది ఆమె.

శిబిరం రోజుల తర్వాత అతన్ని నువ్వు అనడం అదే మొదలు. “నలుగురిలో మొగుణ్ణి పట్టుకుని ఆ మాటేంటే?” అని అత్తగారు లేచింది. ఎవరూ అటు చూడలేదు.

“నీ మంచికే కదా!” అన్నాడతను. “హాలు కిటకిటలాడుతోంది. అక్కడ నిలబడి తడబడితే? నాకు అప్పటికే నువ్వంటే ఇష్టం. ఇష్టమైన మనిషి నలుగురిలో నవ్వులపాలైతే ఎవడు చూడగలడు?”

“తడబడ్డమేంట్రా మహారాజా!” పళ్ళ డాక్టరు పకపకా నవ్వాడు. పాపం, ఏం తవ్వుతున్నాడో అతనికింకా తెలియదు. “ఆ పిల్ల రిహార్సల్లో నోరు విప్పితే నీ మొహం చూసిన నాథుడు లేడు. నువ్వు ఆ పూట తిండి మానేసి అలిగి పడుకోలేదూ? ‘ఇది ఎక్కితే రాజునెవడు చూస్తాడ్రా’ అని నాతోనే అన్నావు!”

మొగుడు కూడా నవ్వేశాడు. పాత జోకు గుర్తొచ్చినట్టు, తొడ మీద కొట్టుకుని మరీ నవ్వాడు. ఆమెను కొట్టింది ఆ నవ్వే. దాచుకున్న తప్పు బయటపడితే మనిషి మొహం పాలిపోతుంది కదా. ఇతనికి ఏమీ కాలేదు. ఇతని లెక్కలో ఇది తప్పే కాదు.

ఆమె ట్రే తీసుకుని వంటింట్లోకొచ్చి కుళాయి తిప్పింది. కడగడానికి కాదు, ఊరికే. ఇరవై ఏళ్ళు ఒక మనిషిని తిట్టుకుంది. ఆ మనిషి మెడ మీద ముడతల కోసం వెతికింది. కుంపటి రాజేసి పెట్టుకున్నట్టు ఆ మంటని ఆరకుండా చూసుకుంది. దాన్ని ఇప్పుడెక్కడ పెట్టుకోవాలి? పోనీ మొగుడి మీదికి తిప్పుదామంటే అసూయ పడడానికి అతని దగ్గర ఏముంది? అసూయ పడ్డది అతను. తన పక్కన మెట్ల మీద కూర్చుని రుమాలిచ్చిన ఆ మంచి కుర్రాడు, ఆ కన్నీళ్ళు తెప్పించింది తనేనని తెలిసే ఇచ్చాడు. ఆ రుమాలును నమ్ముకునే కదా, తర్వాత ప్రతి చిన్నమాటా మింగింది! “నీకెందుకు, నేను మాట్లాడతాగా” అన్నప్పుడు, “నీకు రాదులే” అన్నప్పుడు, చుట్టాల ముందు ఆమె చెప్తున్న కథని మధ్యలో అందుకుని తనే ముగించినప్పుడు, పోనీలే, లోకమంతా నెమలి వైపుంటే నా వైపు కూర్చున్న మనిషి అనుకుంది. ఏడుపు రాలేదు, కోపమొచ్చింది.

వెనకాల అడుగుల చప్పుడు. నెమలి వచ్చి కుళాయి కట్టేసింది.

“నన్ను చూసి ఓర్వలేక మాట్లాడ్డం మానేశావనుకున్నానే,” అంది.

“ఓర్వలేకపోయిన మాట నిజమే,” అంది ఆమె. “ఇప్పటికీ ఓర్వలేను. ఆ చీర ఎక్కడ కొన్నావు?”

నెమలి నవ్వబోయి దగ్గింది. “నేను మాత్రం? పండగలాంటి ఇల్లు, పక్కన మనిషి, పిచ్చుక గూడు కట్టుకుంది అని కుళ్ళుకున్న రోజులున్నాయి నాకు.” గొంతు మీద వేలు పెట్టి చూపించింది. అక్కడ సన్నటి గాటు. “ఆపరేషన్ అయింది. గదిలో మాట్లాడగలను, హాలు దాటించలేను. ఈ నాటకం నేను వేయించగలనే గానీ వేయలేను. ఇవాళ నేనొచ్చింది కాఫీ టీల కోసం కాదు. రాణిగా నువ్వు కావాలి. రోజూ సాయంత్రం రిహార్సల్. మాటలు గుర్తున్నాయా?”

బట్టలు ఉతుకుతూ, బస్సులో నిలబడి, టోకెన్లకీ టోకెన్లకీ మధ్య, ఆ మాటలు ఆమెను వదిలిందెప్పుడు కనక.

నెమలి హాల్లోకి వెళ్ళి విషయం చెప్పింది. ఆమె గుమ్మంలో నిలబడి విన్నది. మొగుడి మొహంలో ఒక్క క్షణం ఏదో మెదిలింది. ఇంతకు ముందైతే అది తన మీద బెంగ అనుకునేది. “దానికెక్కడ కుదురుతుంది?” అన్నాడు. “ఆసుపత్రి, ఇల్లు, అమ్మకి మందులు. సాయంత్రం అది లేకపోతే ఇల్లెవరు చూస్తారు? అయినా ఈ వయసులో స్టేజీ ఎక్కి అంతమంది ముందు... వద్దులే. ఇంకెవర్నైనా చూడు నెమలీ. నేను రాజుగా ఎలాగూ ఉన్నాను, ఎవరొచ్చినా నెట్టుకొచ్చేస్తా.”

“అవునమ్మా, దానికెందుకివన్నీ,” అంది అత్తగారు.

అందరూ నెమలి జవాబు కోసం చూస్తున్నారు. ఆమె వంక ఎవరూ చూడలేదు. ఆమె చేతులు చీర కొంగుకి తుడుచుకుని, వచ్చి వాళ్ళ మధ్య ఖాళీ కుర్చీలో కూర్చుంది. ఆ సాయంత్రం ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

“సాయంత్రం నేను లేకపోతే ఇల్లు ఈయన చూస్తారు,” అంది, టోకెన్లు పిలిచే గొంతుతో కాదు, మెల్లిగా. “ఈయనకి తీరికే. రాణిగా నేను వేస్తాను నెమలీ. రాజుగా మాత్రం ఇంకెవర్నైనా చూసుకో.”