ఆకుపచ్చ మరకల రాళ్లు

రాగి జాడ వెతికే సర్కారు జీపు ఆదిలాబాద్ నుంచి వస్తోందని ఇస్తారికి తెలిసింది. సర్కారు కన్ను పడ్డ చేను ఎవరికి మిగిలింది గనక? భార్య నాగవ్వతో కలిసి, తన చేనులో రాగి ఉందని పట్టిచ్చే ఆకుపచ్చ మరకల రాళ్లన్నీ గంపలకెత్తి, కింది వాగులో పారబోశాడు.

“ఇగ ఫికర్ లేదు. చేన్ల ఒక్కటి గూడ దొరకది,” అన్నాడు నాగవ్వతో.

జీపు దిగిన ఆఫీసరు చేనువైపు కన్నెత్తి కూడా చూడలేదు. తిన్నగా వాగులోకి దిగి, ఓ రాయి తీసి కడిగాడు.

“మేం ఎక్కడైనా ముందు వాగులే చూస్తామయ్యా. పైనున్న రాయి వానకు కొట్టుకొచ్చి ఇక్కడే చేరుతుంది,” అంటూ ఆఫీసరు ఇస్తారి చేనువైపు తలెత్తాడు.

“అవి వానకు రాలే సారూ! నేనే తెచ్చి పోసిన!” అని అరిచాడు ఇస్తారి.

ఆఫీసరు రాయిని సంచిలో వేసుకుంటూ మెల్లగా అడిగాడు.

“ఎక్కణ్నుంచి?”