ఇనుపమట్టి రంగు హెరాల్డ్

కారుకి ఆ రంగేమిటని మా లైన్లో అడగనివాడు లేడు. స్పోర్ట్స్ కారంటే ఎరుపో పసుపో ఉండాలి గానీ, బైలాడిల్లా ఇనుపకొండ మట్టి రంగేమిటి? నేనూ అడిగాను, కాస్త గట్టిగానే.

"ఏ రంగేసినా బచేలిలో వారానికి ఇదే అవుతుంది కదా తాతా! ముందే వేసేస్తే ఝంఝట్ ఉండదు" అంది రాజ్యశ్రీ.

ఈ బచేలి ఇనుప గని వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు డంపర్లు బాగుచేసి రిటైరైన సింహాచలాన్ని నేను. నా కొడుకు ఇక్కడే ఉద్యోగి కాబట్టి ఇంకా కంపెనీ క్వార్టర్లోనే ఉంటున్నాను. ఇన్నేళ్లలో నా బుర్రకి ఆ ముక్క తట్టలేదు.

రాజ్యశ్రీ ఎదురు క్వార్టరు నాగరాజు కూతురు. ఇరవై మూడేళ్ల పిల్ల. ఆ బండి పాతకాలపు రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్ కారు. జగదల్‌పూర్ వ్యాపారి శ్రీరంగం గారి గోదాములో ముప్పై ఏళ్లుగా పడి ఉంటే, కోళ్లు అందులో గుడ్లు పెట్టుకునేవి. ఓ వేసవంతా ఈ పిల్ల ఆయన పిండిమర మోటార్లు బాగుచేసి పెడితే, "తీసుకుపో తల్లీ, కోళ్లను మాత్రం వదిలెయ్" అన్నారట.

ట్రాక్టరు మీద దాన్ని దింపిన రోజు నేను పగలబడి నవ్వాను. రెండేళ్లు తిరిగేసరికి ఆ నవ్వు నన్నే వెక్కిరించింది. తుప్పు పట్టిన రేకుని ఆ పిల్ల అంగుళం అంగుళం గీకింది. పైకప్పు బోల్టులు విప్పేసి, మడిచే కాన్వాసు తనే కుట్టింది. మారుతి జిప్సీ గేరుబాక్సు పెట్టింది, ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు వేసింది. ఇనుప దుమ్ము ఇంజనులోకి పోకుండా మా డంపర్ల పద్ధతిలో ఒకదాని వెనక ఒకటి రెండు ఫిల్టర్లు బిగించింది. ఆ చివరిది చూసినప్పుడు మాత్రం లోపలికి పోయి మా ఆవిడ అప్పలకొండమ్మతో అన్నాను, "ఈ పిల్ల నా షాపులో ఉండుంటే నేను పదేళ్ల ముందే రిటైరైపోదును" అని.

ఇంకో నెలలో పూర్తవుతుందనగా టౌన్‌షిప్ ఆఫీసు నోటీసు వచ్చింది. వానాకాలం, డెంగీ భయం. మూలపడ్డ బళ్లలో నీళ్లు నిలిచి దోమలు పెరుగుతున్నాయి. సెప్టెంబరు పద్దెనిమిది పొద్దున పది గంటలకి, సొంతంగా కదలని ప్రతి బండినీ తుక్కు కింద ఎత్తుకుపోతాం అని. వేరేచోట దాచడానికి మాకు జాగా ఎక్కడిది? ఇళ్లూ వాళ్లవే, నేలా వాళ్లదే.

నెల పనిని రాజ్యశ్రీ రెండు వారాల్లోకి కుదించింది. పదహారో తారీఖు మధ్యాహ్నానికి సిలిండర్ హెడ్డు బిగింపు ఒక్కటే మిగిలింది. రాజ్యశ్రీ నట్లన్నీ, ఎంత బిగించాలో చూపే కొలత రెంచితో బిగించి, రేడియేటరుకి నీళ్లు తేవడానికి లోపలికెళ్లింది. నేను ఊరికే ఉండలేకపోయాను. ఓ నట్టు నా చేతికి వదులుగా తోచింది. మా షాపులో స్పానరుకి పైపు తొడిగి, దాని మీద వేలాడితేనే బిగించినట్టు లెక్క. ఇంటికెళ్లి నా పైపు తెచ్చాను, తొడిగాను, వేలాడాను.

టప్‌మంది. నట్టు ఎక్కే ఇనుప స్టడ్డు మెడ విరిగి, నట్టు నా చేతిలోకి వచ్చేసింది. సగం ముక్క ఇంజనులోనే ఉండిపోయింది.

బకెట్టుతో వచ్చిన రాజ్యశ్రీ నా చేతిలోని నట్టునీ, పైపునీ చూసింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను కూడా. ఆమె డిక్కీ తెరిచి కాగితం పొట్లం తీసింది.

"రెండు స్టడ్లు, ఒక గాస్కెట్ ఎక్కువే తెప్పించా తాతా. మీరెప్పుడో ఒకప్పుడు పైపు తెస్తారని పక్కా తెలుసు."

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ కొత్త స్టడ్డు ఎక్కాలంటే విరిగిన ముక్క బయటికి రావాలి. హెడ్డు విప్పేసరికి చీకటి పడింది, వాన దంచేసింది. మర్నాడు విశ్వకర్మ పూజ. ఆ రోజు పనిముట్టు ముట్టుకోకూడదు. ఆ నియమం ఆమెకి నేర్పిందీ నేనే.

పదిహేడో తారీఖు పొద్దున మా వరండాలో ఎర్రగుడ్డ మీద నా పనిముట్లన్నీ పరిచి, బొట్లు పెట్టి, బంతిపూలు చల్లింది మా ఆవిడ. ఎదురుగా రాజ్యశ్రీ కారు పక్కన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె స్పానర్ల మీదా పువ్వులే. నియమం తప్పమని అడగడానికి నా దగ్గరికి రాలేదు. చేతిలోని ప్రసాదం పక్కన పెట్టేశాను.

లేచి చేతి డ్రిల్లు తీశాను.

"ఏటిది! కళ్లు పోతాయి, అక్కడెట్టీ!" అని కేకేసింది అప్పలకొండమ్మ.

"ఇరగ్గొట్టింది నేను. ఇయాల దిద్దకపోతే రేపు ఆ పిల్ల బండి తుక్కులోకి పోద్ది. ఆ విశ్వకర్మా పనోడే గదే, ఆ మాత్రం తెలీదా?"

మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత దేవుడికి దణ్ణం పెట్టి, విరిగిన ముక్కలు బయటికి లాగే ఇనుప పుల్ల తనే గుడ్డ మీంచి ఏరి నా చేతిలో పెట్టింది. "ఇది లేకుండా పోయి ఏటి సేత్తావు?" అంది.

రాజ్యశ్రీ వద్దంది. నేను వినలేదు. "పాపం నాది, పని నీది. అందుకో అమ్మలూ" అన్నాను.

అప్పుడు చూశాను ఆ పిల్ల చేతులు. విరిగిన ముక్కకి సరిగ్గా నడిబొడ్డున చుక్క పెట్టింది. ఊపిరి బిగబట్టి, సన్నగా, నెమ్మదిగా రంధ్రం చేసింది. ఇంజను గోడని ఒక్క వెంట్రుకవాసి కూడా తాకలేదు. నూనె వేసింది, వేడి చేసింది, ఆగింది, మళ్లీ నూనె వేసింది. నేనైతే ఎనిమిదిసార్లు సుత్తి ఎత్తుదును. మూడు గంటల తర్వాత, రంధ్రంలో ఆ పుల్ల బిగించి తిప్పితే, ఆ ముక్క మెల్లగా తిరుగుతూ పైకి వచ్చింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

కొత్త స్టడ్డు వేసి, హెడ్డు ఎక్కించి, ఆఖరి నట్టు దగ్గర కొలత రెంచి నాకిచ్చింది.

"ఇది మీరే బిగించాలి తాతా. టిక్ అంటుంది. అనగానే ఆపేయాలి."

తిప్పాను. టిక్‌మంది. ఇంకొంచెం అంటూ చెయ్యి గుంజింది. ఆపేశాను.

మర్నాడు పది గంటలకి తుక్కు లారీ వచ్చింది. ఆఫీసు మనిషి బుధ్‌రాం చేతిలో లిస్టు. రాజ్యశ్రీ తాళం తిప్పింది. ఇంజను దగ్గింది, ఆగింది. రెండోసారీ అంతే. బుధ్‌రాం లారీ వాడికి ఎత్తమని చెయ్యి ఊపాడు. మూడోసారి తిప్పేసరికి లైనంతా వినబడేలా అందుకుంది. హెరాల్డ్ తనంతట తాను లారీని దాటి, వీధి చివరిదాకా పోయి, తిరిగొచ్చి నా ముందు ఆగింది.

"షాబాస్ బేటీ! ఇంత బాగా నడుస్తుందా!" అని బుధ్‌రాం నవ్వుతూ లిస్టులో ఆ బండి నంబరు కొట్టేశాడు. "మరి ఈ లైను నుంచి ఏమీ లేదా?"

"ఆగు, ఉంది" అన్నాను. లోపలికెళ్లి నా పైపు తెచ్చి లారీలో పడేశాను.

"ఇదేంటి దాదా?"

"పాత సామాను. ఇంక పనికిరాదు" అని చెప్పి, రాజ్యశ్రీ తెరిచి పట్టుకున్న తలుపులోంచి కారెక్కాను.